ఒక చక్రం ఆగాలి, ఒక చక్రం తిరగాలి

బ్రేకు పని వాహనాన్ని ఆపడమేనన్న అభిప్రాయం రోడ్డు మీద తిరిగే వాహనాలను చూసి ఏర్పడింది. యంత్రశాస్త్రం దృష్టిలో అది సగం నిజం మాత్రమే. ఇంజన్ నుంచి వచ్చే శక్తి ఏ చక్రానికి చేరాలో, దేనికి చేరకూడదో తేల్చడం కూడా బ్రేకు చేతిలో ఉన్న పనే, ఆ రెండో పనిని దగ్గరగా గమనించాలంటే నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు చేలలో తిరిగే ట్రాక్టర్‌ను మించిన ఉదాహరణ దొరకదు. ఆ ట్రాక్టర్‌లో డ్రైవర్ కుడికాలి కింద ఒకటికి రెండు బ్రేకు పెడళ్లు పక్కపక్కనే ఉంటాయి, వాటిలో ఒకటి ఎడమ వెనుక చక్రాన్ని, రెండోది కుడి వెనుక చక్రాన్ని మాత్రమే పట్టుకుంటుంది, ముందు చక్రాలకు సాధారణంగా బ్రేకే ఉండదు. ప్రపంచానికి మరో మూలన డ్రాగ్ రేసు కార్లలో ముందు చక్రాలను మాత్రమే బిగించి వెనుక చక్రాలను తిరగనిచ్చే లైన్ లాక్ అనే పరికరం ఉంది. పొలం పనికి పుట్టినది ఒకటి, పందెం సరదాకు పుట్టినది మరొకటి అయినా రెండింటి వెనుక ఉన్న సూత్రం ఒకటే, పొంచి ఉన్న ప్రమాదం మాత్రం దేనిది దానిదే.

ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల్లో పసుపును జూన్‌లో నాటుతారు, మధ్యలో మక్కను అంతరపంటగా వేసుకుంటారు, మక్క ఇంటికి చేరాక పసుపు ఒక్కటే మిగిలి జనవరి నుంచి మార్చి దాకా తవ్వకానికి వస్తుంది. సాలు చివర గట్టు దగ్గర ట్రాక్టర్ మలుపు తిరగడానికి వదిలే జాగాలో ఏమీ పండదు కాబట్టి రైతు దాన్ని వీలైనంత తక్కువే వదులుతాడు. రెండు ఎకరాల మడికి నాలుగు వైపులా మలుపుకోసం మీటరు చొప్పున ఎక్కువ వదిలినా అది పంటలో కోతే. అందుకే పొలంలో ట్రాక్టర్ విలువను దాని అశ్వశక్తి ఎంత నిర్ణయిస్తుందో, అది ఎంత తక్కువ జాగాలో తిరగగలదన్నదీ ఇంచుమించు అంతే నిర్ణయిస్తుంది. ట్రాక్టర్ల వివరాల పట్టికలో బ్రేకులతో మలుపు వ్యాసార్ధం అంటూ విడిగా ఒక అంకె, మామూలుగా 3 మీటర్లకు అటూ ఇటూగా, ఇవ్వడానికి కారణం ఇదే.

ఒక చక్రాన్ని ఆపితే రెండోది ఎందుకు తిరుగుతుందన్న ప్రశ్నకు జవాబు వెనుక ఇరుసు మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల గుంపులో ఉంది. వాహనం మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి, రెండూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటే ఏదో ఒకటి నేలను రాసుకుంటూ ఈడ్చుకుపోవలసి వస్తుంది. ఈ చిక్కుకు పరిష్కారంగా ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెకూర్ 1827లో ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కు పేటెంటు పొందాడు. దాని నియమం చాలా సులువైనది. రెండు వెనుక చక్రాల వేగాల మొత్తం ఎప్పుడూ మధ్యలోని పెద్ద పళ్లచక్రం, అంటే మెకానిక్కులు క్రౌన్ అని పిలిచేది, తిరిగే వేగానికి సరిగ్గా రెట్టింపు ఉండాలి. తిన్నగా పోయేటప్పుడు రెండూ సమానంగా పంచుకుంటాయి, ఒకటి నెమ్మదిస్తే ఆ తగ్గినంత వేగం రెండోదానికి కలుస్తుంది, ఒకటి పూర్తిగా నిలిచిపోతే రెండోది క్రౌన్ వేగానికి రెట్టింపుతో తిరుగుతుంది. సాలు చివర డ్రైవర్ స్టీరింగ్ కోసి లోపలివైపు పెడల్ ఒక్కదాన్నే తొక్కినప్పుడు జరిగేది ఇదే: లోపలి చక్రం నేలలో ఇరుసులా నిలబడుతుంది, బయటి చక్రం దాని చుట్టూ వేగంగా తిరిగి వస్తుంది, ట్రాక్టర్ తన పొడవుకు కొంచెం ఎక్కువ జాగాలోనే మొహం తిప్పుకుంటుంది. అరక దున్నే రోజుల్లో దాపటి ఎద్దును పగ్గంతో నిలిపి వలపటి ఎద్దును అదిలించి మడక తిప్పిన రైతుకు ఈ విద్య కొత్తది కాదు. ట్రాక్టర్ తయారీదారులు దానికి రెండు పెడళ్లు అమర్చారు, అంతే.

వరి నాట్లకు ముందు ఇనుప కేజ్ వీల్స్ కట్టుకుని బురదలో దిగిన ట్రాక్టర్‌కు ఇదే ఏర్పాటు మరో విధంగా అక్కరకు వస్తుంది, నిజానికి డిఫరెన్షియల్‌లోని పెద్ద లోపం బయటపడేది కూడా అక్కడే. డిఫరెన్షియల్ వేగాన్ని ఎలాగైనా పంచనిస్తుంది గానీ తిప్పే బలాన్ని మాత్రం రెండు వైపులకూ సమానంగానే ఇస్తుంది, కాబట్టి ఒక చక్రం జారుడు బురదలో పడి పట్టు కోల్పోతే దానికి ఎంత కొద్ది బలం పడుతుందో గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికీ అంతే అందుతుంది, ఒకటి ఊరికే గిరగిర తిరుగుతుంటే రెండోది కదలకుండా కూర్చుంటుంది. జారే చక్రం వైపు బ్రేకును కొద్దిగా నొక్కితే ఆ చక్రానికి ఎదురు బలం ఏర్పడి, ఇంజన్ నుంచి వచ్చే బలం పెరిగి, అందులో సగం రెండో చక్రానికి చేరుతుంది. ఈ రోజుల్లో ఖరీదైన కార్లలో కంప్యూటర్ తనంతట తాను చేసే ట్రాక్షన్ కంట్రోల్ పని కూడా ఇదే కావడం గమనించదగింది, ఆర్మూర్ ప్రాంతపు డ్రైవర్ కాలితో ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదాన్ని కారులో సెన్సర్లు సెకనుకు ఎన్నోసార్లు చేస్తాయి. ట్రాక్టర్‌లో దీనికి తోడు డిఫరెన్షియల్ లాక్ అనే మరో పెడల్ ఉంటుంది. అది రెండు వెనుక చక్రాల ఇరుసులనూ కలిపి బిగించి ఒకే వేగంతో తిప్పుతుంది, తిన్నగా పోయేటప్పుడు బురదలోంచి బయటపడేయడానికి అది బ్రేకు కంటే మేలు, కానీ అది పడి ఉండగా మలుపు తిప్పితే ట్రాక్టర్ తిరగదు, లోపలి పళ్లచక్రాలు విరిగినా ఆశ్చర్యం లేదు.

పెడల్ మీద పడిన కాలి బలం చక్రం దాకా చేరే దారి ట్రాక్టర్‌లో ఒక రకంగా, కారులో మరో రకంగా ఉంటుంది. పాత ట్రాక్టర్లలో పెడల్ నుంచి ఇనుప కడ్డీలు, మీటలు నేరుగా బ్రేకు దాకా పోయేవి, చాలావాటిలో ఇప్పటికీ అంతే; తేడా అంతా బ్రేకు లోపల వచ్చింది. మునుపటి పొడి డిస్కు బ్రేకుల్లోకి బురద, దుమ్ము చేరి అరుగుదల ఎక్కువయ్యేది, ఒక పక్క ఎక్కువ అరిగితే రెండు పెడళ్లను కలిపి తొక్కినా బండి ఒక పక్కకే లాగేది. ఇప్పటి ట్రాక్టర్లలో పలుచని డిస్కులు ఆయిల్‌లో మునిగి ఉండడం వల్ల వేడి ఆయిల్‌లోకి పోతుంది, అరుగుదల తగ్గుతుంది. కార్లలో మాత్రం కడ్డీల స్థానంలో ద్రవం పని చేస్తుంది. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని దిక్కులకూ తగ్గకుండా చేరుతుందని పాస్కల్ 17వ శతాబ్దిలో చెప్పిన సూత్రాన్ని జోసెఫ్ బ్రామా 1795లో ప్రెస్సుకు వాడుకుంటే, మాల్కం లాహెడ్ 1917లో బ్రేకుకు పేటెంటు చేయించాడు, 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవ బ్రేకులతో అమ్మకానికి వచ్చింది. లెక్క చూస్తే దీని బలం అర్థమవుతుంది: కాలు 30 కిలోల బలంతో తొక్కితే, పెడల్ మీట దాన్ని ఆరు రెట్లు చేసి 180 కిలోలుగా మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీదికి పంపిందనుకుంటే, ఆ పిస్టన్ అడ్డుకొలత ఒక అంగుళమైతే వైశాల్యం సుమారు 5 చదరపు సెంటీమీటర్లు, అంటే ద్రవంలో చదరపు సెంటీమీటరుకు 35 కిలోలకు పైగా ఒత్తిడి, చక్రం దగ్గర 5 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న పిస్టన్ మీద అదే ఒత్తిడి దాదాపు 700 కిలోల బలమవుతుంది.

ఈ ఒత్తిడిని కాలు తీసేశాక కూడా గొట్టంలోనే బంధించి ఉంచగలిగితే అదే లైన్ లాక్. అమెరికాలో 1951లో ఏర్పడిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ వంటి సంఘాల ఆధ్వర్యంలో తీరు దిద్దుకున్న డ్రాగ్ రేసులో రెండు కార్లు నిలబడిన చోటి నుంచి బయలుదేరి తిన్నటి బాట మీద పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటుతారో తేలుస్తారు. అంత వేగంగా బయలుదేరాలంటే వెనుక టైర్ల రబ్బరు వేడెక్కి జిగురుగా మారాలి, అందుకు పందేనికి ముందు నీళ్లు చల్లిన చోట కారును నిలిపి వెనుక చక్రాలను ఉన్నచోటే పొగ లేచేలా తిప్పుతారు. మామూలు బ్రేకు పెడల్ తొక్కి ఈ పని చేయబోతే బ్రేకు నాలుగు చక్రాలనూ పట్టుకుంటుంది, వెనుక బ్రేకులు ఇంజన్‌తో కొట్లాడి కాలిపోతాయి. లైన్ లాక్ ఉన్న కారులో డ్రైవర్ పెడల్ గట్టిగా తొక్కి, స్విచ్ నొక్కి, కాలు తీసేస్తాడు. ముందు చక్రాల గొట్టంలోని సోలనాయిడ్ వాల్వు, అంటే విద్యుత్ ప్రవహించినప్పుడు అయస్కాంతమై దారి మూసే కవాటం, అక్కడి ఒత్తిడిని బంధిస్తుంది, వెనుక గొట్టంలో ఒత్తిడి తగ్గిపోతుంది, ముందు చక్రాలు నిలిచి వెనుక చక్రాలు తిరుగుతాయి. తడి బాటపై జారుతున్న వెనుక టైరు నెట్టే బలం తక్కువ కాబట్టి, జారకుండా నిలిచిన ముందు టైర్ల పట్టు దాన్ని ఓర్చుకోగలుగుతుంది.

పాత కారుకు దీన్ని అమర్చడంలో అసలు మెళకువ వాల్వును ఎక్కడ పెట్టాలన్నదాని దగ్గరే ఉంటుంది. 1967 నమూనాల నుంచి అమెరికా కార్లలో ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటి చొప్పున రెండు గదుల మాస్టర్ సిలిండర్ సర్వసాధారణమైంది, వాటిలో ముందు చక్రాల గది నుంచి బయలుదేరే గొట్టం కుడి ఎడమలుగా చీలడానికి ముందు వాల్వు పెడితే సరిపోతుంది. అంతకు ముందటి కార్లలో ఒకే గది నుంచి ఒకే గొట్టం వచ్చి మధ్యలో చీలి నాలుగు చక్రాలకూ పోయేది, అక్కడ చీలికకు ముందు వాల్వు పెడితే నాలుగు చక్రాలూ బిగుసుకుని పరికరం ఉద్దేశమే పోతుంది. ముందుకు పోయే కొమ్మలోనే పెట్టాలి, లేదా ముందే మాస్టర్ సిలిండర్‌ను రెండు గదులదిగా మార్చుకోవాలి. రెండోదే మంచి నిర్ణయం, ఎందుకంటే ఒకే గది కారులో ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి, కొత్తగా చేర్చిన వాల్వు కారడానికి మరో రెండు జాయింట్లను తెచ్చిపెడుతుంది. గొట్టాన్ని కోసి వాల్వుకు కలిపేచోట దాని అంచును గరాటులా విప్పి, మళ్లీ లోపలికి మడిచి రెండు పొరలుగా చేస్తారు, దీన్ని డబుల్ ఫ్లేర్ అంటారు. ఒకే పొర అంచు ఈ ఒత్తిడికి చీలుతుంది, నీటి పైపులకు వాడే బిగింపులు, మెత్తటి రాగి గొట్టాలు ఇక్కడ పనికిరావు. పని అయ్యాక విద్యుత్ ఇవ్వకుండా వాల్వు తెరిచి ఉంచి గొట్టాల్లోని గాలి తీస్తారు. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది, కాబట్టి బుడగ మిగిలితే కాలి బలమంతా దాన్ని నలపడానికే ఖర్చవుతుంది. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు గానీ అది గాలిలోని తేమను పీల్చుకునే గుణం గలది, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు, మరిగితే మళ్లీ ఆవిరి బుడగలే. ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిపోయిన పాత కారులో ఆయిల్ పూర్తిగా మార్చకుండా కొత్త వాల్వు ఒక్కటే బిగించడం సగం పని.

విద్యుత్ లేనప్పుడు తెరుచుకుని ఉండడం ఈ వాల్వులోని వివేకం. ఫ్యూజు పోయినా, తీగ తెగినా బ్రేకులు మామూలుగా పని చేస్తాయి. అయితే అదే కారణంగా దీన్ని నిలుపు బ్రేకుగా వాడకూడదు, ఎందుకంటే బ్యాటరీ దిగితే పట్టు విడుస్తుంది, కాయిల్ ఎక్కువసేపు విద్యుత్తులో ఉంటే వేడెక్కి పాడవుతుంది, పట్టులో ఉన్న ద్రవం చల్లారితే కుంచించుకుని ఒత్తిడి తగ్గుతుంది, రబ్బరు సీలు దగ్గర కొద్దిగా కారినా చాలు. ఐక్యరాజ్యసమితి 13వ సంఖ్య వాహన బ్రేకు నిబంధన నిలుపు బ్రేకు పట్టును పూర్తిగా యాంత్రికమైన ఏర్పాటే నిలబెట్టాలని చెప్పడంలో ఆంతర్యం ఇదే. 2015 ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో కంపెనీయే ఎలక్ట్రానిక్ లైన్ లాక్‌ను అమర్చింది, అది కూడా కొన్ని సెకన్ల పట్టు కోసమే. మన దేశంలో రోడ్డు మీద తిరిగే కారుకు ఇలాంటిది బిగించబోయేవారికి 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, అంటే తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చరాదన్నది, రోడ్డు మీద పందేలను శిక్షార్హం చేసే 189వ సెక్షను అడ్డుగా ఉన్నాయి. ఆ అడ్డు ఉండడమే మంచిది.

ఆర్మూర్ ట్రాక్టర్‌ను నిలిపి ఉంచే బ్రేకు పెడళ్ల లాకు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. పసుపును తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబెట్టిన తర్వాత పైపొట్టు పోయి రంగు తేలడానికి జల్లెడ గోడల డ్రమ్ములో వేసి తిప్పుతారు. ఆ డ్రమ్మును తిప్పేది చాలాచోట్ల ట్రాక్టర్ వెనుక ఉండే పీటీవో అనే ఇరుసే. అప్పుడు ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, శక్తి అంతా పీటీవోకు పోతుంది, ట్రాక్టర్ మాత్రం అంగుళం కదలకూడదు. డ్రైవర్ రెండు పెడళ్లనూ కలిపి తొక్కి మీట లాగితే ఇనుప నాలుక పళ్ల సందులో కూర్చుని పెడళ్లను అలాగే నొక్కి ఉంచుతుంది. ఇందులో ద్రవమూ లేదు, కరెంటూ లేదు, పళ్లు అరగనంత కాలం గంటల కొద్దీ నిలుస్తుంది. ఒక్క జాగ్రత్త ఇక్కడ బ్రేకును మించినది: పీటీవో సాధారణ వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది, డ్రమ్ము దగ్గర పని చేసే స్త్రీల కొంగు గానీ, మగవారి రుమాలు గానీ ఆ ఇరుసుకు చిక్కితే చేయి లాక్కునే వ్యవధి ఉండదు, దాని మీద తొడుగు లేకుండా పని మొదలుపెట్టడం ఏ పరిస్థితుల్లోనూ సబబు కాదు.

పొలంలో ఇంత ఉపకారి అయిన విడి పెడల్ రోడ్డెక్కగానే శత్రువవుతుంది. ఆర్మూర్ దగ్గర హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే 44వ జాతీయ రహదారిని నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు పోయే 63వ జాతీయ రహదారి దాటుతుంది. తవ్వకాల కాలంలో పసుపు కొమ్ము, మండ నింపిన బస్తాలతో ట్రాలీలు అంకాపూర్ మీదుగా నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయేది ఈ 63వ రహదారి మీదే. పొలంలో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టర్ రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది; వేగం ఆరు రెట్లు పెరిగితే గమన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ముప్ఫై ఆరు రెట్లవుతుంది. ఆ వేగంలో ఎదురుగా బర్రె అడ్డొచ్చిందని డ్రైవర్ అలవాటు కొద్దీ ఒక పెడల్ మీదే కాలేస్తే ఒక వెనుక చక్రం ఒక్కసారిగా నిలిచి ట్రాక్టర్ ఆ వైపుకు మొహం తిప్పుతుంది, గురుత్వ కేంద్రం ఎత్తులో ఉండే బండి కాబట్టి బోల్తా పడడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కరలేదు. వెనుక ట్రాలీ ఉంటే పరిస్థితి మరీ దారుణం: చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు, టన్నుల బరువు తన జోరులో తాను వచ్చి పక్కకు తిరిగిన ట్రాక్టర్‌ను వెనుక నుంచి తోసేస్తుంది.

దీనికి విరుగుడు పెడళ్ల దగ్గరే ఉంది. రెండు పెడళ్లనూ కలిపే చిన్న ఇనుప పలక, చాలా ట్రాక్టర్లలో అరచేతి కంటే చిన్నది, ఒక పెడల్‌కు కీలుతో బిగించి ఉంటుంది, దాన్ని తిప్పి రెండో పెడల్ గాడిలో వేస్తే రెండూ ఒకటై కదులుతాయి. పొలంలో మాటిమాటికీ దాన్ని తీసి వేయడం విసుగని కొందరు విప్పి పక్కన పడేస్తారు, మరికొన్ని ట్రాక్టర్లలో కీలు తుప్పుపట్టి కదలదు. పలక వేసి తొక్కినా బండి ఒక పక్కకు లాగుతుంటే రెండు బ్రేకుల అరుగుదల సమానంగా లేదని అర్థం, పెడళ్ల కడ్డీల పొడవును మెకానిక్కు సరిచేయాలి. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైనప్పటి నుంచి క్వింటా ధర గురించి, ఎగుమతుల గురించి చర్చ బాగానే జరుగుతోంది గానీ, ఆ పసుపును యార్డుకు మోసుకెళ్లే బండి భద్రత గురించి అంత చర్చ వినిపించదు. తవ్వకాలు మొదలయ్యే ముందు ట్రాక్టర్ యజమానులు ఆ పలక ఉందో లేదో, కీలు ఆడుతోందో లేదో చూసుకోవాలి. పొలం గట్టు దాటి రోడ్డెక్కే ప్రతిసారీ ముందు అది వేసి, ఆ తర్వాతే గేరు మార్చాలి.